చిత్తు కాగితము

లోకమున ఏ వస్తువును పుట్టుకచేత వ్యర్థము కాదు. దానిని వినియోగించు నేర్పు మనుష్యునకు లేనంతకాలమే అది వ్యర్థము. ఈ నేర్పు తెలుగు పల్లెలకు పూర్వమునుండియు కలదు. పశువుల పేడ పిడకయై పొయ్యిలో మండెడిది. పిడక బూడిద అంట్లు తోమెడిది. మిగిలిన బూడిద కూరమడికి ఎరువయ్యెడిది. వడ్లు దంచగా వచ్చిన తవుడు పశువుల కుడితిలో కలిసెడిది. ఊక పొయ్యికి చేరెడిది. చినిగిన చీర బొంతయయ్యెడిది. బొంత చినిగినచో మసిగుడ్డ యయ్యెడిది. ఒక వస్తువు ఇంటిలోనికి వచ్చినచో దాని సారమంతయు తీసికొనిన పిదపనే ఆ ఇంటి ఇల్లాలు దానిని గడప దాటనిచ్చెడిది. దీనిని ఎవరును గొప్ప శాస్త్రమని చెప్పుకొనలేదు. ఇది సంసారము నడపుటలో ఒక భాగముగ నుండెను.

నేడు ఇండ్లలోనికి వచ్చు వస్తువులు మారినవి. వాటితో పాటు ఆ నేర్పు మాత్రము రాలేదు. అట్టి క్రొత్త వస్తువులలో మిక్కిలి సామాన్యమైనదియు, మిక్కిలి అలక్ష్యమునకు గురియైనదియు కాగితము. చదువుకొనినవారి ఇంట పుస్తకమును కాలితో తాకినచో కన్నుల కద్దుకొనుట ఆచారము. అదే పుస్తకము చిరిగి చిత్తు కాగితమైన మరునిమిషమున దానిని మురికి కాలువలో పడవేయుటకు ఆ చేయియే సందేహింపదు. ఈ విపరీతమును గూర్చి ఆలోచింపవలసి యున్నది.

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేట అను రెండు ఊళ్ళు కలవు. మేడ్చల్ నాగపూరునకు పోవు రహదారి మీదను, శామీర్‌పేట కరీంనగరమునకు పోవు రహదారి మీదను ఉన్నవి. ఒకప్పుడు ఈ ప్రాంతము ద్రాక్షతోటలకును, కూరగాయల మళ్ళకును పేరుపొందినది. శామీర్‌పేట పెద్దచెరువు గట్టు మీదికి నగరవాసులు సెలవు దినములలో విహారమునకు వచ్చెడివారు, నేడును వచ్చుచున్నారు. ఇటీవలి కాలమున ఈ రెండు ఊళ్ళ స్వరూపము త్వరితముగ మారినది. మేడ్చల్ చుట్టును కర్మాగారములు, గిడ్డంగులు లేచినవి. శామీర్‌పేట దిక్కున 1998లో స్థాపింపబడిన నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము, తుర్కపల్లి దగ్గర మందులను, టీకాలను పరిశోధించు సంస్థలు వెలసినవి. 2016లో మేడ్చల్ మల్కాజ్‌గిరి జిల్లా ఏర్పడెను. 2022లో శామీర్‌పేట మండలము అంతాయిపల్లిలో ఆ జిల్లా కార్యాలయముల సముదాయము ప్రారంభమయ్యెను.

విద్యాలయములున్న చోట కాగితముండును. కార్యాలయములున్న చోట అంతకు మించి యుండును. గిడ్డంగులున్న చోట అట్టపెట్టెలు గుట్టలుగ పడియుండును. ఈ ఊళ్ళలో నేడు పండు పంట యేదని యెవరైన అడిగినచో, ద్రాక్షకు బదులు చిత్తు కాగితమని చెప్పవచ్చును. ఆ పంటను కోసికొనువారు మాత్రము కొలదిమందియే.

ఈ కాగితమునకు పట్టుచున్న గతులు మూడు. మొదటిది వీధి మూలలో పట్టు గతి. చలికాలపు ప్రాతఃకాలమున ఊరి పొలిమేరలలో నడచువారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు. రాలిన ఆకులు, కాగితములు, పాలసంచులు, తినివేసిన పొట్లములు ఒక్క కుప్పగ ఊడ్చి నిప్పుపెట్టుదురు. కుప్ప సగము కాలి సగము కాలక మధ్యాహ్నము వరకు పొగలు చిమ్ముచుండును. ఆ మంటతో ఒక్క గ్రుక్కెడు నీరైన కాగదు. ఆ పొగ మాత్రము బడికి పోవు పిల్లల ఊపిరితిత్తులలోనికి పోవును. వేడి ఎవరికిని దక్కలేదు. విషము అందరికిని దక్కినది.

రెండవది చెత్తగుట్టకు చేరు గతి. శామీర్‌పేటకు సమీపమున జవహర్‌నగర్ కలదు. హైదరాబాదు మహానగరపు చెత్తలో అధికభాగము ఈ శతాబ్దపు ఆరంభకాలమునుండి అక్కడనే పోయుచు వచ్చిరి. అది పెరిగి పెరిగి నిజమైన గుట్టయే అయ్యెను. దానినుండి ఊరిన నల్లని నీరు భూగర్భజలమును, దగ్గరనున్న మల్కారం చెరువును పాడుచేసినది. దుర్గంధముచేత చుట్టుపట్ల గ్రామములవారు ఏండ్ల తరబడి మొరపెట్టుకొనిరి. తరువాత ఆ పాతగుట్టను కప్పివేసిరి. చెత్తను మండించి విద్యుత్తును తీయు కర్మాగారమును కూడ అక్కడ నెలకొల్పిరి. అయినను నగరమున ప్రతిదినమును క్రొత్త చెత్త పుట్టుచునేయున్నది. గాలి తగులక తడిలో మురుగు కాగితము మీథేను అను వాయువును విడుచును. వాతావరణమును వేడెక్కించుటలో అది బొగ్గుపులుసు గాలికన్న అనేక రెట్లు బలమైనది. మెత్తని కాగితము ఏమియు చేయదని తలచుట పొరపాటు.

మూడవది పాత కాగితములను కొనువాని బండికి చేరు గతి. మూడింటిలో ఇదియొక్కటే మంచి గతి. దీని మాట ముందు చెప్పబడును.

ఈ దురవస్థను చూచి కొందరు ఉత్సాహవంతులు ఒక ఉపాయమును చెప్పుచున్నారు. చిత్తు కాగితమును నీట నానబెట్టి, గుజ్జుచేసి, అచ్చులో అదిమి, ఎండబెట్టి ఇటుకలుగ చేసినచో అవి కట్టెలకు బదులు మండునని వారి మాట. ఇది అబద్ధము కాదు. ఆఫ్రికా ఖండమున మలావీ, కెన్యా మొదలగు దేశములలో కట్టెలు కరువైన చోట్ల స్త్రీలు కాగితపు గుజ్జులో రంపపు పొట్టును, ఎండుటాకుల పొడిని కలిపి, కొయ్యతో చేసిన మీటయంత్రములలో అదిమి వంటచెరకును తయారుచేయుచున్నారు. తెలుగువారికిని ఇది పూర్తిగ క్రొత్తవిద్య కాదు. పేడలో ఊకను కలిపి పిడక చరచిన చేయికి కాగితపు పిడక చరచుట కష్టము కాదు. రంపపు పొట్టును డబ్బాలో దట్టించి, నడుమ రంధ్రము విడిచి మండించు పొట్టుపొయ్యిలు అనేక గృహములలో నిన్నమొన్నటివరకు నుండెను. ఊకను, వేరుసెనగ పొట్టును యంత్రములతో అదిమి చేసిన దిమ్మలు నేడును తెలంగాణలోని కర్మాగారములలో ఆవిరి పుట్టించుటకు మండుచున్నవి.

ఇటుకలను చేయు విధానము సులభమైనది. కాగితమును రెండు వ్రేళ్ళ వెడల్పు ముక్కలుగ చించి, పాత తొట్టిలో మునుగునట్లు నీరు పోసి రెండు మూడు దినములు నాననీయవలయును. పిమ్మట కర్రతో చిలికి, లేదా రోకలితో దంచి, దోసెపిండివలె గుజ్జు చేయవలయును. జిగురు కలుపనక్కర లేదు. కాగితమున కంటికి కనబడని నారపోగులు కలవు. నీటిలో విడిపోయిన ఆ పోగులు ఆరునప్పుడు తమంతట తామే ఒకదానితో నొకటి పెనగొని గట్టిపడును. రంపపు పొట్టు గాని ఎండుటాకుల పొడి గాని దొరకినచో గుజ్జులో కొంత కలుపవచ్చును. అడుగున రంధ్రములు గల కొయ్యపెట్టెలో ఈ గుజ్జును పోసి, పైన పలక పెట్టి, బరువైన రాయి నెత్తి నీరంతయు పిండివేయవలయును. పిండగా వచ్చిన నీటిని పారబోయక తరువాతి తడవ నానబెట్టుటకు వాడుకొనవలయును. నీటి యెద్దడి గల వేసవిలో ఈ జాగ్రత్త ముఖ్యము.

అచ్చునుండి తీసిన ఇటుకను ఎండలో నుంచి దినదినమును తిరుగవేయవలయును. తెలంగాణపు వేసవిలో రెండు మూడు వారములకు అది ఆరును. వర్షాకాలమున ఈ పని పెట్టుకొనినచో ఇటుకకు బదులు బూజు పండును. రెండు దినములు వరుసగ తూచినను బరువు తగ్గకున్నచో ఇటుక ఆరినదని తెలిసికొనవలయును. సరిగ ఆరని ఇటుక మంటకన్న పొగనే ఎక్కువ ఇచ్చును. ఒక కిలో ఎండు కాగితమునకు పావుకిలో తూగు ఇటుకలు నాలుగు వచ్చును. నడుమ ఒక రంధ్రమున్నచో గాలి ఆడి బాగుగ మండును.

ఇంతవరకు బాగున్నది. ఇక ఉత్సాహమును కొంత ప్రక్కన బెట్టి లెక్క చూడవలయును. లెక్క చూడని పొదుపు పొదుపు కాదు.

ఒక బిందెడు నీళ్ళు పదిహేను లీటర్లనుకొందురు గాక. ఆ నీటిని 25 డిగ్రీలనుండి 45 డిగ్రీలకు కాచుటకు 300 కిలోకాలరీల వేడి నీటిలో చేరవలయును. మూడు రాళ్ళ పొయ్యిలో పుట్టిన వేడిలో అధికభాగము గాలిలో కలిసిపోవును. ఆరవవంతు గిన్నెకు చేరినను గొప్పయే. కావున సుమారు 1,800 కిలోకాలరీల వేడి పొయ్యిలో పుట్టవలయును. బాగుగ ఎండిన కాగితము కిలోకు 3,500 మొదలు 4,000 కిలోకాలరీల వరకు వేడినిచ్చును. అనగా బిందెడు నీళ్ళకు అరకిలో కాగితము, లేక రెండు ఇటుకలు కావలయును. దినపత్రిక యొక్కటి తెప్పించుకొను ఇంట నెలకు మూడు నాలుగు కిలోల కాగితము పోగగును. దానినంతయు ఇటుకలు చేసినను నెలలో ఆరెనిమిది బిందెల నీళ్ళు మాత్రమే కాగును. నానబెట్టి, దంచి, అదిమి, ఎండబెట్టి, మూడు వారములు కాచుకొని కూర్చున్న శ్రమకు ఫలము ఇంతే. అదే కాగితమును శుభ్రముగ కట్టకట్టి కొనువానికి అమ్మినచో నాలుగు రూపాయలు చేతికి వచ్చును. కాగితము మరల కాగితమగును.

కావున ఈ విషయమున నిశ్చయముగ చెప్పదగిన మాట యొకటి కలదు. కాగితమునకు అగ్ని కడపటి కొలువు కావలయునే గాని మొదటి కొలువు కారాదు. వీధి మూలలో కాల్చువాడు చేయు తప్పు పెద్దది. మంచి కాగితమును ఇటుకగ మార్చి కాల్చువాడు చేయు తప్పు చిన్నది. అయినను అదియు తప్పే.

ఏల యనగా, కాగితము పుట్టుకయే చిత్తునుండి జరిగినది. క్రీస్తుశకము 105వ సంవత్సరమున చీనాదేశపు రాజసభలోని త్సై లున్ అను అధికారి చెట్ల బెరళ్ళను, జనపనారను, చినిగిన గుడ్డలను, పాత చేపల వలలను దంచి గుజ్జుచేసి కాగితము చేయించెనని చరిత్రకారులు చెప్పుదురు. ఐరోపాలో సైతము కొన్ని వందల యేండ్లు కాగితమునకు ముడిసరకు చింకిగుడ్డలే. మాథియస్ కూప్స్ అనునతడు 1800 ప్రాంతమున ఇంగ్లండులో అచ్చుకాగితమునుండి సిరాను పోగొట్టి మరల కాగితమును చేసి, దానిపై పుస్తకమును కూడ ముద్రించెను. కొయ్యను నూరి గుజ్జుచేయు విధానము పందొమ్మిదవ శతాబ్దమున వచ్చిన తరువాతనే చెట్లపై గొడ్డలి పడుట ఆరంభమయ్యెను. చింకిపాతల బిడ్డయైన కాగితము క్రమముగ అడవులను మ్రింగు వస్తువయ్యెను.

తెలంగాణమున దీనికి దగ్గరి నిదర్శనము కాగజ్‌నగర్. ఆ ఊరి పేరే కాగితపు పేరు. నిజాము ప్రభుత్వ కాలమున 1938లో సిర్పూరు కాగితపు మిల్లు అక్కడ స్థాపింపబడెను. 1942లో ఉత్పత్తి మొదలయ్యెను. ఆదిలాబాదు అడవులలోని వెదురు దానికి ఆహారమయ్యెను. 2014లో ఆ మిల్లు మూతపడగా వేలకొలది కుటుంబములు ఇక్కట్ల పాలైనవి. 2018లో అది మరల తెరువబడెను. విద్యార్థి నిర్లక్ష్యముగ చించివేయు ఒక్కొక్క పుటవెనుక ఇట్లు ఒక అడవియు, ఒక నదియు, కొన్ని కుటుంబముల కూడును ఉన్నవి. పాత కాగితమునుండి క్రొత్త కాగితమును చేయుటకు కొయ్యనుండి చేయుటకన్న తక్కువ నీరు, తక్కువ విద్యుత్తు చాలును.

అయినను కాగితము చిరంజీవి కాదు. గుజ్జుచేసిన ప్రతిపర్యాయమును దానిలోని నారపోగులు కొంత కొంత తెగి పొట్టివగును. అయిదారు పర్యాయములు, మిక్కిలియైనచో ఏడు పర్యాయములు మరల కాగితమైన పిదప ఆ పోగులు పట్టు విడిచి దేనికిని కొరగానివగును. తెల్లకాగితము దినపత్రిక యగును. దినపత్రిక అట్ట యగును. అట్ట గ్రుడ్లు పెట్టు పళ్ళెమగును. మనుష్యుని వలెనే కాగితమునకును బాల్య యౌవన వార్ధక్యములు కలవు. యౌవనమున నున్నదానిని చితికెక్కించుట అన్యాయము. సర్వసారమును ఉడిగినదానిని నిప్పునకిచ్చుట న్యాయము.

ఈ న్యాయమును అనుసరించి చిత్తు కాగితపు వినియోగమునకు ఒక వరుస ఏర్పరుపవచ్చును. మొదటి మెట్టు కాగితమును చిత్తు కానీయకుండుట. ఒక వైపు వ్రాసిన కాగితము చిత్తు కాగితము కాదు. అది సగము వాడిన కాగితము. గాంధీమహాత్ముడు తనకు వచ్చిన ఉత్తరముల వెనుకవైపులను, కవరులను చించి విప్పిన లోపలివైపులను వ్రాతకు వాడుకొనెడివాడు. కోట్ల జనులు ఎవని మాటకొరకు ఎదురుచూచిరో, అతడు ఒక కాగితపు తుండునకు అంత గౌరవమిచ్చెను. విద్యాసంవత్సరము ముగియునప్పుడు ప్రతి విద్యార్థి నోటుపుస్తకములలోను కొన్ని తెల్లపుటలు మిగిలియుండును. వాటిని జాగ్రత్తగ విడదీసి, వరుసగ పేర్చి, చింతగింజల పిండితో కాచిన జిగురుపెట్టి, దారముతో కుట్టినచో వచ్చు సంవత్సరమునకు లెక్కల చిత్తుపుస్తకము సిద్ధమగును. పూర్వము పుస్తకములకు అట్టలు కట్టువారు ఆ చింతగింజల జిగురునే వాడెడివారు.

రెండవ మెట్టు, రెండు వైపులను నిండిన కాగితమును తడియనీయక, మురికి కానీయక, పాత కాగితములు కొనువానికి చేర్చుట. ఇచ్చట ఒక్క సూత్రము చాలును. తడిచెత్తతో కలిసిన కాగితము మిల్లునకు పనికిరాదు. పప్పుకూడు అంటిన కాగితమును ఏ మిల్లును పుచ్చుకొనదు. తడిచెత్తను, పొడిచెత్తను ఇంటివద్దనే వేరుచేయవలయునని 2016లో కేంద్రప్రభుత్వము నియమములు చేసెను. నియమము ఎంత మంచిదైనను వంటింటిలో రెండవ బుట్ట లేనిచో అది కాగితము మీది నియమముగనే మిగులును. వీధులలో త్రోపుడుబండి పై పాతసామానులను కొను మనుష్యుని అరుపును అల్పముగ చూచువారు కలరు. అతడు ఏ యుద్యోగమును లేక, ఏ జీతమును లేక, ఊరి చెత్తలోనుండి కొంతభాగమును ప్రతిదినమును తొలగించుచున్నాడు. కాగితములు ఏరుకొని బ్రతుకు స్త్రీలు కూడ ఈ ఊళ్ళలో కలరు. మంచి కాగితమును కాల్చువాడు వారి నోటి కూడును కాల్చుచున్నాడని తెలిసికొనవలయును.

మూడవ మెట్టు ఇంటి అవసరములకు వాడుకొనుట. ఈ విషయమున తెలుగు స్త్రీలు ఎవరివద్దను నేర్చుకొనవలసిన పని లేదు. కాగితములను, మెంతులను నానబెట్టి మెత్తగ రుబ్బి, ఆ ముద్దను వెదురు చేటలకును, గంపలకును అలుకుట ఈ దేశమున చిరకాలపు వాడుక. అట్లు అలికిన చేట సందులు పూడి నూకలు జారనీయదు. గట్టిపడి అనేక సంవత్సరములు నిలుచును. మెంతుల చేదువలన పురుగు దరిచేరదని పెద్దలు చెప్పుదురు. ఇదే ముద్దను కుండపై బోర్లించి అద్ది, ఆరిన పిదప ఊడదీసినచో తేలికయైన బుట్ట యగును. బొమ్మలకును, నాటకముల ముఖములకును ఇది పనికివచ్చును. అచ్చులేని గోధుమరంగు అట్టలను చిన్నముక్కలుగ చించి కూరగాయల తొక్కలతో కలిపి గోతిలో వేసినచో అవి అధికమైన తడిని పీల్చి దుర్వాసనను తగ్గించి మంచి ఎరువగును.

ఈ మూడు మెట్లును దాటివచ్చిన కాగితమునకే నాలుగవ మెట్టు. తడిసి ముద్దయైనది, మట్టి అంటినది, కార్యాలయములలో యంత్రము సన్నగ చీల్చివేసినది, నూనె మరకలు పడినది, గ్రుడ్ల పళ్ళెములు ముక్కలైనవి — వీటిని మిల్లులు సామాన్యముగ కోరవు. ఇట్టివాటినే ఇటుకలుగ చేయవలయును. ఇవి గుట్టకు పోయి మీథేనుగ మారుటకన్న, వీధి మూలలో ఊరక మండుటకన్న, ఒక బిందెడు నీళ్ళు కాచి బూడిదయగుట మేలు. చింత చచ్చినను పులుపు చావదన్నట్లు, వ్రాతకు పనికిరాని కాగితమున నిప్పు మిగిలియుండును. ఆ నిప్పును వాడుకొనుటయే ఇటుక చేయు ఉపకారము.

ఇచ్చట కొన్ని జాగ్రత్తలు చెప్పక విడువరాదు. మెరుపుపూత గల కాగితమును, లోపల ప్లాస్టిక్ పొర గల టీకప్పులను, అంగళ్ళలో యంత్రమునుండి వచ్చు నున్నని రసీదులను గుజ్జులో కలుపరాదు. వాటి పొగ ఆరోగ్యమునకు చెరుపు. ఇటుకల మంటను ఇంటిలోపల పెట్టరాదు. పెరటిలో నీళ్ళకాగు క్రింద పెట్టవలయును. వాటిపై నేరుగ ఆహారమును కాల్చుకొనరాదు. కాగితమును నునుపు చేయుటకు సుద్దను, తెల్లమట్టిని కలుపుదురు. కావున దీని బూడిద కట్టెల బూడిదకన్న ఎక్కువగ మిగులును. రంగుసిరాల బూడిదను కూరమడిలో చల్లరాదు. అచ్చుకాగితమున బజ్జీలను పొట్లము కట్టు అలవాటును కూడ విడువవలయును. అచ్చుసిరా ఆహారమునకు అంటి హాని చేయునని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2016లోనే హెచ్చరించినది. కాగితమును మరల వాడుట మంచిదే. కాని అన్ని వాడుకలును మంచివి కావు.

దీనికి కొందరు ఒక ఆక్షేపణను చెప్పుదురు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో దీపము పథకము వచ్చెను. 2016లో ఉజ్జ్వల పథకము వచ్చెను. పేదయిండ్లకు సైతము వంటగ్యాసు చేరినది. పొగపొయ్యినుండి స్త్రీకి విముక్తి కలిగిన ఈ కాలమున మరల ఇటుకల పొయ్యి ఏల యని వారు ప్రశ్నింతురు. ఈ ప్రశ్న న్యాయమైనది. పొగలో కన్నులు పోగొట్టుకొనిన తల్లుల కష్టమును ఎరిగినవారెవరును వంటింటికి మరల పొగను ఆహ్వానింపరు. స్త్రీచేత మరొక చాకిరి చేయించు పొదుపు మంచి పొదుపు కాదు. అందువలననే ఇటుకల పొయ్యి వంటకు కాదనియు, పెరటిలోని నీళ్ళకాగునకు మాత్రమేయనియు పైన చెప్పబడినది. ఇటుకలను చేయు పనియు ఇల్లాలిపై పడరాదు. అది పిల్లలకును, పెద్దలకును సెలవుదినపు పనిగ నుండవలయును. గ్యాసుబండలేని తావులలో, ఇటుకబట్టీల దగ్గర గుడిసెలలో, చలికాలపు రాత్రి కావలి కాయువారి యెదుట నేటికిని మంట మండుచునేయున్నది. ఆ మంటలో పచ్చికొమ్మకు బదులు కాగితపు ఇటుక పడినచో కొంత మేలు.

ఈ పనికి పాఠశాలయే తగిన చోటు. ఏప్రిల్ మాసమున పరీక్షలు ముగియును. అప్పుడే కాగితము అధికముగ పోగగును. అప్పుడే ఎండయు తీవ్రముగ కాయును. కాగితమును, సూర్యుని ప్రకృతియే ఒక్క మాసమున కలిపియున్నది. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు ప్రతి పాఠశాలయు మూడు పెట్టెలను అమర్చుకొనవచ్చును. ఒక ప్రక్క తెల్లగ మిగిలిన కాగితమునకు ఒకటి. రెండు వైపులను నిండి పొడిగ నున్నదానికి ఒకటి. చెడిన కాగితమునకు ఒకటి. మొదటి పెట్టెనుండి చిత్తుపుస్తకములు పుట్టును. రెండవ పెట్టె అమ్మకమునుండి గ్రంథాలయమునకు నాలుగు క్రొత్త పుస్తకములు వచ్చును. మూడవ పెట్టెనుండి ఇటుకలు వచ్చును. ఈ మూడు పెట్టెలలో మూడవది అన్నిటికన్న చిన్నదిగ నుండవలయును. అది పెద్దదగుచున్నదనిన మొదటి రెండింటియెడ అశ్రద్ధ జరిగినదని గ్రహింపవలయును.

పిల్లలకు దీనివలన కలుగు లాభము ఇటుకలు మాత్రమే కాదు. నారపోగు నీటిలో విడి గాలిలో పెనగొనుట ఒక విజ్ఞానపాఠము. కిలోకు ఎన్ని కాలరీలో, బిందెకు ఎన్ని ఇటుకలో లెక్కించుట ఒక గణితపాఠము. ఒక పుటను పారవేయుటకు ముందు ఏ పెట్టెలో వేయవలయునని నిలిచి ఆలోచించుట అన్నిటికన్న గొప్ప పాఠము. తొందరపడి పారవేయు చేయియే జవహర్‌నగరపు గుట్టను పెంచినది. నిలిచి ఆలోచించు చేయియే దానిని తగ్గింపగలదు.

పూర్వపు ఇల్లాలు పేడను, ఊకను, చింకిచీరను సారము తీయక గడప దాటనీయలేదు. నేటి బాలబాలికల యెదుట నున్నది కాగితము. దానిపై మొదట అక్షరము నిలువవలయును. వెనుకవైపున లెక్క నిలువవలయును. పిమ్మట అది మిల్లునకు పోయి మరల మరల పుట్టవలయును. ఇక పుట్టుటకు శక్తి లేని దినమున ఒక చలికాలపు ఉదయమున ఎవని స్నానమునకో నీళ్ళు కాచి బూడిద కావలయును. అంతవరకు నిప్పుపెట్టె ముట్టకుండుటయే కాగితమునకు చదువుకొనినవారు చేయదగిన మర్యాద.